ఆటస్థలం కాదు, వేటస్థలం: అడవిలో ఒక చిన్న లూప్ ప్లాన్ చేసుకోవడం ఎలా?

ముందుగా ఒక ఒప్పుకోలు. నేను ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియమే. అయినా "గేమ్" అనే చిన్న ఇంగ్లీష్ పదానికి నాకు రెండే అర్థాలు తెలుసు. ఒకటి ఫోన్‌లో ఆడేది, రెండోది గ్రౌండ్‌లో ఆడేది. మూడో అర్థం తెలియక మా అక్కని తుపాకుల మధ్యకి పంపాను. ఎవరికీ ఏమీ కాలేదు కాబట్టి ఇప్పుడు నవ్వుతూ రాస్తున్నా. ఆ రాత్రి మాత్రం హాస్టల్లో నాకు నిద్ర లేదు.

మన క్లబ్బు పత్రికకి ఇలాంటి వ్యాసం ఎందుకంటారా? మన బ్యాచ్‌లో చాలామంది ఎం.ఎస్.కి వెళ్తారు. ఎక్కువమంది ఆగస్టులో దిగుతారు. వాళ్ళకి దొరికే మొదటి పెద్ద సెలవు థాంక్స్‌గివింగ్, అంటే నవంబరు నాలుగో గురువారం. చేతిలో డబ్బులుండవు, న్యూయార్క్ హోటళ్ళ రేట్లు చూస్తే కళ్ళు తిరుగుతాయి. అప్పుడు ఎవరో ఒకరు "దగ్గర్లో ఏదైనా అడవిలో హైకింగ్‌కి వెళ్దాం" అంటారు. చాలా రాష్ట్రాల్లో జింకల వేట జోరుగా సాగేది సరిగ్గా ఆ రోజుల్లోనే. ఈ రెండూ ఒకేసారి వస్తాయని మనకి ముందుగా ఎవరూ చెప్పరు.

ఏం జరిగింది

నేను ఫస్టియర్లో ఉన్నప్పుడు సంగతి. అక్క పెన్సిల్వేనియాలో, ఫిలడెల్ఫియా దగ్గర ఎం.ఎస్. మొదటి సెమిస్టర్. "ఒరేయ్, నువ్వు మ్యాప్‌లు బాగా చూస్తావు కదా, శనివారం వెళ్ళడానికి ఒక ఈజీ లూప్ చూసిపెట్టు, నలుగురం వెళ్తాం" అంది. ఇంజనీరింగ్‌లో చేరి మూడు నెలలైంది, పైగా అక్క నన్ను నమ్మి అడిగింది. ఇంకేముంది!

మ్యాప్ తెరిచాను. ఆకుపచ్చగా ఒక పెద్ద ముక్క కనిపించింది. దాని మీద "స్టేట్ గేమ్ ల్యాండ్స్" అని, పక్కన ఒక నంబరు. ఆటల కోసం ప్రభుత్వం ఇచ్చిన స్థలం అనుకున్నా. లోపల సన్నటి గీతలు ఒక గుండ్రంలా కలుస్తున్నాయి, 5 కిలోమీటర్లు. స్క్రీన్‌షాట్ తీసి పంపించేశాను. మొత్తం పని పది నిమిషాలు.

అక్కడ ఉదయం పదిన్నర అంటే మనకి రాత్రి తొమ్మిది. వాట్సాప్‌లో లైవ్ లొకేషన్ పెట్టి అక్క నడక మొదలుపెట్టింది. చుక్క కాసేపు కదిలింది. తర్వాత ఒక చోట ఆగిపోయింది. ఆ తర్వాత సిగ్నల్ పోయింది. నేను చివరిగా చూసిన మెసేజ్ ఇది: "ఎవరో టపాకాయలు కాలుస్తున్నార్రా, ఇక్కడ కూడా లేటు దీపావళి ఉందా?"

అది దీపావళి కాదు. పెన్సిల్వేనియాలో థాంక్స్‌గివింగ్ తర్వాత వచ్చే శనివారం రైఫిల్‌తో జింకల వేట మొదలయ్యే రోజు. ఏడాదంతా ఆ రోజు కోసమే ఎదురుచూసే వాళ్ళు వేలల్లో ఉంటారు. అక్క వేసుకున్నది గోధుమ రంగు జాకెట్. పక్కనున్న ఫ్రెండ్ తలకి తెల్ల ఉన్ని టోపీ. అక్కడి జింకని వైట్‌టెయిల్ అంటారు. ఒళ్ళంతా గోధుమ రంగు, బెదిరితే పైకి లేచే తోక అడుగున తెలుపు. అంటే ఆ రోజు వేసుకోకూడని రెండు రంగులనే వెతికి మరీ వేసుకున్నట్టయింది.

ఒక పెద్దాయన, పన్నెండేళ్ళ మనవడితో, ఇద్దరూ నారింజ రంగు వెస్టుల్లో, వీళ్ళకి ఎదురొచ్చారట. ఆయన కోప్పడలేదు. ఈ రోజు ఏ రోజో తెలుసా అని మెల్లగా అడిగి, సంచిలోంచి రెండు నారింజ టోపీలు తీసిచ్చి, గేటు దాకా తోడొచ్చారు. అంటే మనవడితో గడపాల్సిన మొదటి రోజు పొద్దున్నే ఒక గంట మా అక్క వాళ్ళ కోసం వదులుకున్నారు. టోపీలు తిరిగివ్వబోతే తీసుకోలేదు.

ఇక్కడ నా ఫోన్‌లో మళ్ళీ చుక్క కనిపించేసరికి రాత్రి పదకొండు దాటింది. అక్క ఫోన్ చేసి తిట్టలేదు. "మ్యాప్ తప్పు కాదురా, నువ్వు అడగాల్సినవి అడగలేదు" అంది. తిడితేనే బాగుండేది.

ఆ అడగాల్సిన ప్రశ్నలే ఈ పాఠం.

పదం తెలిస్తే సగం తెలిసినట్టే

ఇంగ్లీష్‌లో "గేమ్" అంటే వేటాడే జంతువు అనే అర్థం కూడా ఉంది. గేమ్ ల్యాండ్స్ అంటే వేట జంతువుల కోసం ఉంచిన నేల. మన క్లబ్బులో తెలుగు బాగా తెలిసిన ఒక సీనియర్‌ని అడిగితే ఇంకో మంచి సంగతి చెప్పారు. సంస్కృతంలో "మృగం" అంటే అడవి జంతువు, ముఖ్యంగా జింక. "మృగయ" అంటే వేట. రెండూ పక్కపక్క మాటలే. ఇంగ్లీష్ "డీర్" కూడా పాత ఇంగ్లీష్‌లో జంతువు అనే అర్థంలో వాడిన మాటేనట. అంటే వేట, జంతువు, జింక అనే మూడు మాటలూ అక్కడా ఇక్కడా కూడా కలిసే తిరిగాయి.

మనకి ఈ ఆలోచన తట్టకపోవడానికి కారణం ఉంది. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తర్వాత వేట అంటే నేరం. మనకి అడవి అంటే పులి, ఎలుగుబంటి, పాము. నల్లమలలోకి వెళ్ళాలంటే అటవీశాఖ వాళ్ళని అడగాలి. అందుకే అడవిలో భయపడాల్సింది జంతువులకే అనుకుంటాం. పెన్సిల్వేనియా అడవిలో నవంబరు నెలలో ముందు ఆలోచించాల్సింది మనుషుల గురించి. వాళ్ళు చెడ్డవాళ్ళని కాదు. వాళ్ళు వచ్చిన పని వేరు, మనం వచ్చిన పని వేరు, చోటు ఒకటే.

మొదటి ప్రశ్న: ఈ నేల ఎవరిది?

మ్యాప్‌లో ఆకుపచ్చ అంటే చెట్లున్నాయని మాత్రమే. ఆ ఆకుపచ్చలో స్టేట్ పార్క్, స్టేట్ ఫారెస్ట్, గేమ్ ల్యాండ్, ప్రైవేటు తోట ఏదైనా ఉండొచ్చు. దేని రూల్స్ దానివే.

పెన్సిల్వేనియాలో గేమ్ ల్యాండ్స్‌ని చూసుకునేది గేమ్ కమిషన్ అనే రాష్ట్ర సంస్థ. 1895లో పుట్టింది. అప్పటికి అక్కడ అడవులు నరికేసి, అడ్డూ అదుపూ లేకుండా వేటాడి, జింకలు దాదాపు కనిపించకుండా పోయాయి. మళ్ళీ పెంచడానికి నేల కావాలి. 1920లో ఎల్క్ కౌంటీలో మొదటి ముక్క కొన్నారు. ఇప్పుడు రాష్ట్రమంతా కలిపి 300కి పైగా ముక్కలు, సుమారు 15 లక్షల ఎకరాలు. అంటే దాదాపు 6,000 చదరపు కిలోమీటర్లు. వాటికి నంబర్లే పేర్లు.

ఆ డబ్బు ఎక్కడిది? ఎక్కువగా వేటగాళ్ళ లైసెన్సు ఫీజులది. దానికి తోడు 1937లో వచ్చిన పిట్‌మన్–రాబర్ట్‌సన్ చట్టం ఉంది. దాని ప్రకారం తుపాకులు, తూటాల మీద కేంద్రం వేసే పన్ను వన్యప్రాణుల కోసం రాష్ట్రాలకి వెళ్తుంది. పొడుగు తుపాకులకీ తూటాలకీ 11 శాతం, చేతి తుపాకులకి 10 శాతం.

మన ఊళ్ళలో "గవర్నమెంటు భూమి" అనగానే పోరంబోకు గుర్తొస్తుంది, అంటే ఎవరిదీ కానిది. ఇది అలా కాదు. ఇది వేటగాళ్ళ డబ్బుతో కొని, మనలాంటి వాళ్ళకి కూడా తలుపు తీసి ఉంచిన నేల. నడవడానికి మనం టికెట్ కొనక్కర్లేదు. కానీ మనం అతిథులం. ఇది గుర్తుంటే మిగతా రూల్స్ వాటంతటవే అర్థమవుతాయి.

ఒక హెచ్చరిక. "పార్క్ అని రాసి ఉంటే వేట ఉండదు" అనుకోకండి. పెన్సిల్వేనియాలో చాలా స్టేట్ పార్కుల్లో కూడా కొన్ని భాగాల్లో వేటకి అనుమతి ఉంది. ఇంకో హెచ్చరిక: ప్రతి రాష్ట్రం వేరు. మనవాళ్ళు ఎక్కువగా వెళ్ళే టెక్సాస్‌లో 95 శాతానికి పైగా నేల ప్రైవేటుదే. అక్కడ పబ్లిక్ వేట భూముల్లో చాలా చోట్ల నడవడానికి కూడా పర్మిట్ కొనాలి. నేను ఇక్కడ చెప్పేది పెన్సిల్వేనియా లెక్క. ప్రశ్నలు మాత్రం ఎక్కడికైనా పనికొస్తాయి.

రెండో ప్రశ్న: ఏ తేదీ?

నేను చేసిన అసలు తప్పు ఇదే. చోటు వెతికాను, తేదీ వెతకలేదు. వేట భూమిలో తేదీ మారితే అదే చోటు వేరే చోటు అయిపోతుంది.

పెన్సిల్వేనియాలో సుమారుగా క్యాలెండర్ ఇలా ఉంటుంది. అక్టోబరు మొదట్లో విల్లంబులతో జింకల వేట మొదలు. నవంబరులో ఎలుగుబంటి. థాంక్స్‌గివింగ్ తర్వాతి శనివారం నుంచి రెండు వారాల పాటు రైఫిల్ వేట. క్రిస్మస్ తర్వాత జనవరిలోకి పాతకాలం చెకుముకి తుపాకులతో ఇంకో విడత. ఏప్రిల్ చివర, మే నెలలో అడవి టర్కీ కోళ్ళు. కచ్చితమైన తేదీలు ఏటా మారతాయి. గేమ్ కమిషన్ ప్రతి సంవత్సరం కొత్తవి ప్రకటిస్తుంది. అవి అక్కడే చూడాలి.

"ఆదివారం వెళ్తే సరిపోతుంది" అనే సలహా మీకు చాలా పాత వ్యాసాల్లో కనిపిస్తుంది. ఒకప్పుడు అది నిజం. పెన్సిల్వేనియాలో ఎన్నో ఏళ్ళు ఆదివారం వేట దాదాపు పూర్తిగా నిషేధం. 2019లో ఒక చట్టం మూడు ఆదివారాలకి వేట తెరిచింది. 2025లో ఆ పాత నిషేధాన్నే ఎత్తేశారు. మన భాషలో చెప్పాలంటే అది స్టేల్ క్యాష్. డేటా ఒకప్పుడు కరెక్టే, ఇప్పుడు కాదు. అలాంటిది తప్పు డేటా కంటే ప్రమాదం, ఎందుకంటే చూడ్డానికి నమ్మకంగా ఉంటుంది. ఏ వ్యాసమైనా ఏ సంవత్సరంలో రాసిందో ముందు చూడండి. నాది కూడా.

రోజులో ఏ వేళ అనేది కూడా ముఖ్యమే. జింకలు తెల్లవారుజామున, సాయంత్రం ఎక్కువ తిరుగుతాయి. జింకల వేటకి చట్టం ఇచ్చిన సమయం సూర్యోదయానికి అరగంట ముందు నుంచి సూర్యాస్తమయం తర్వాత అరగంట దాకా. అంటే చీకటి వెలుగుల వేళల్లో వేటగాళ్ళూ ఉంటారు, చూపూ సరిగ్గా ఆనదు. మీ నడక పొద్దున్న పదికీ మధ్యాహ్నం రెండున్నరకీ మధ్యలో పెట్టుకోండి. రైఫిల్ సీజన్ మొదటి రోజుల్లో అసలు వెళ్ళకపోవడం మంచిది. అది వాళ్ళ పండగ. పిలవని పెళ్ళికి వెళ్ళి మధ్యలో నిలబడకూడదు కదా.

నారింజ రంగు ఎందుకు?

దశరథుడి కథ మనందరికీ తెలుసు. సరయూ నది ఒడ్డున కుండలో నీళ్ళు నింపుతున్న చప్పుడు విని, ఏనుగు నీళ్ళు తాగుతోందనుకుని బాణం వేశాడు. అక్కడ ఉన్నది ముసలి తల్లిదండ్రుల కోసం నీళ్ళు తెస్తున్న కుర్రాడు. చిన్నప్పుడు అమ్మమ్మ ఈ కథ చెబితే శాపం గురించే విన్నాను. ఇప్పుడు ఆలోచిస్తే అది ఒక వేట ప్రమాదం కేసు. చూడకుండా, చప్పుడుని బట్టి నిర్ణయం తీసుకోవడమే అందులో తప్పు.

ఈ కాలంలో వేటగాళ్ళకి నేర్పే మొదటి పాఠాల్లో ఒకటి: ఎదురుగా ఉన్నది ఏంటో, దాని వెనకాల ఏముందో కళ్ళతో చూసి తేల్చుకోకుండా ట్రిగ్గర్ మీద వేలు పెట్టకూడదు. ఆ చూపుకి మనం సాయం చేయాలి. అదే నారింజ రంగు.

ఇందులో ఒక అందమైన సైన్స్ ఉంది. మనిషి కంట్లో రంగుల్ని పట్టే శంకు కణాలు మూడు రకాలు. జింకకి రెండే. ఎరుపు వైపు రంగుల్ని పట్టేవి దానికి లేవు. అందుకే మెరిసే నారింజ మనకి అర కిలోమీటరు దూరం నుంచి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, జింకకి మాత్రం ఆకుల్లో కలిసిపోయే మసక రంగులా ఉంటుంది. మనిషికి మాత్రమే వినిపించే భాషలో "నేను జింకని కాదు" అని అరిచినట్టన్నమాట.

పెన్సిల్వేనియా గేమ్ ల్యాండ్స్‌లో నవంబరు 15 నుంచి డిసెంబరు 15 వరకు ఇది సలహా కాదు, రూల్. వేటకి రాని వాళ్ళు కూడా తల, ఛాతీ, వీపు కలిపి కనీసం 250 చదరపు అంగుళాల ఫ్లోరసెంట్ నారింజ రంగు వేసుకోవాలి, లేదా ఆ రంగు టోపీ పెట్టుకోవాలి. అన్ని వైపుల నుంచీ కనిపించాలి. 250 చదరపు అంగుళాలంటే సుమారు 16 అంగుళాల పొడవు, 16 అంగుళాల వెడల్పు గుడ్డ ముక్క. వెస్టూ టోపీ రెండూ కొనుక్కోండి, మిగతా నెలల్లో కూడా వేసుకోండి. మామూలు కాషాయం చున్నీ సరిపోదు, ఫ్లోరసెంట్ అయి ఉండాలి. బ్యాగు మీద కూడా ఒక ముక్క కట్టండి, ఎందుకంటే వీపు మీది రంగుని బ్యాగు కప్పేస్తుంది.

లూప్ అంటే ప్రదక్షిణే

ఇప్పుడు దారి గీద్దాం. లూప్ హైక్ అంటే బయల్దేరిన చోటికే వేరే దారిలో తిరిగి రావడం. మనకి ఇది కొత్త కాదు. సింహాచలంలో గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లు. మా నాన్నగారు రెండుసార్లు చేశారు. కాకపోతే అక్కడ దారి పొడుగునా జనం, మజ్జిగ, పులిహోర. ఇక్కడ దారిలో ఎవరూ ఉండరు. గేమ్ ల్యాండ్స్‌లో చాలా చోట్ల బాత్రూములు, తాగే నీళ్ళు, దారి చూపే బోర్డులు ఏవీ ఉండవు. అవి జంతువుల కోసం చేసిన చోట్లు.

ఈజీ లూప్‌కి నేను ఇప్పుడు చూసే లక్షణాలు ఇవి.

ఒకటి, మొదటిసారికి 3 నుంచి 5 కిలోమీటర్లు చాలు.

రెండు, లూప్ మొత్తం గేమ్ ల్యాండ్ హద్దు లోపలే ఉండాలి. ఈ భూములు ముక్కలు ముక్కలుగా కొన్నవి కాబట్టి మధ్యలో ప్రైవేటు నేల దూరి ఉంటుంది. గేమ్ కమిషన్ ప్రతి ముక్కకీ విడిగా మ్యాప్ ఇస్తుంది. దాన్ని మీ యాప్ మ్యాప్ పక్కన పెట్టి పోల్చండి. నేల మీద చెట్లకి తెల్ల రంగు పూత, చిన్న బోర్డులు ఉంటే అది గేమ్ ల్యాండ్ హద్దు. ఊదా రంగు పూత కనిపిస్తే ఆగిపోండి. అది ప్రైవేటు నేల, లోపలికి రావద్దని అర్థం. ఈ ఊదా రంగు చట్టం 2020 నుంచి అమల్లో ఉంది.

మూడు, గేటు వేసిన సర్వీసు రోడ్లని ఎంచుకోండి. వాహనాలు పోకుండా గేటు వేసి ఉంటుంది, నడిచేవాళ్ళు పక్క నుంచి వెళ్ళొచ్చు. వెడల్పుగా, గడ్డి కోసి ఉంటాయి. దారి తప్పడం కష్టం, మనల్ని దూరం నుంచి చూడటం సులువు. కారు గేటుకి అడ్డంగా మాత్రం పెట్టకండి. ఫైరింజన్ రావాలన్నా ఆ గేటులోంచే రావాలి.

నాలుగు, ఎక్కుడు ముందు, దిగుడు తర్వాత వచ్చేలా దిశ పెట్టుకోండి. మ్యాప్‌లో కాంటూర్ గీతలు దగ్గరదగ్గరగా ఉంటే ఎక్కుడు నిటారు అని, దూరదూరంగా ఉంటే మెల్లటి వాలు అని.

ఐదు, చేతికర్రలాంటి గుర్తు ఒకటి ఉండాలి. వాగో, పాత రైలు కట్టో, కరెంటు లైనో. "వాగు ఎప్పుడూ ఎడమ చేతికే" అని చెప్పగలిగితే సగం దిక్కుల గొడవ తీరిపోతుంది.

ఆరు, మధ్యలో కోసుకుని వచ్చే అడ్డదారి ఒకటైనా ఉండాలి. క్లాసులో లూప్ రాస్తే బ్రేక్ కండిషన్ ఏదని సార్ అడుగుతారు కదా. ఇక్కడ కూడా అదే ప్రశ్న.

టైం లెక్క

నైస్మిత్ అనే స్కాట్లాండ్ ఆయన 1892లో చెప్పిన లెక్క ఇప్పటికీ వాడతారు. గంటకి 5 కిలోమీటర్ల నడక, ప్రతి 600 మీటర్ల ఎక్కుడికి ఇంకో గంట. అది అలవాటున్న వాళ్ళకి. ల్యాబుల్లో కూర్చునే మనకి గంటకి 3 కిలోమీటర్లు వేసుకుందాం.

5 కిలోమీటర్ల లూప్, 120 మీటర్ల ఎక్కుడు అనుకోండి. నడకకి 100 నిమిషాలు. ఎక్కుడికి 12 నిమిషాలు. ఫోటోలకి, టిఫినుకి అరగంట. మొత్తం 142 నిమిషాలు, అంటే రెండు గంటల ఇరవై నిమిషాలు. పదిన్నరకి మొదలుపెడితే ఒంటిగంటకి ముందే కారు దగ్గర ఉండాలి.

ఇందులో అసలు సంగతి వెనక్కి తిరిగే టైం. నవంబరు చివర్లో అక్కడ సాయంత్రం ఐదు కాకుండానే సూర్యుడు వెళ్ళిపోతాడు. లూప్‌లో ఒక మాయ ఉంది. సరిగ్గా సగం దగ్గర ముందుకెళ్ళినా వెనక్కెళ్ళినా ఒకటే దూరం. సగం దాటకముందు మాత్రం వెనక్కి రావడమే దగ్గర, పైగా ఆ దారి మనం చూసినది. అందుకే "పన్నెండు కల్లా సగం గుర్తు దగ్గర లేకపోతే వచ్చిన దారినే తిరిగొచ్చేస్తాం" అని ఇంట్లో ఉండగానే రాసుకోవాలి. అక్కడికి వెళ్ళాక "ఇంకొంచెం చూద్దాం" అనిపిస్తుంది. ఆ మాట అనేవాళ్ళు ప్రతి గుంపులో ఒకరుంటారు.

రూట్ కార్డు

సిగ్నల్ ఉండదు, చలికి ఫోన్ చార్జింగ్ త్వరగా దిగిపోతుంది. అందుకని ఆఫ్‌లైన్ మ్యాప్‌తో పాటు ఒక కాగితం కూడా. రెండోసారి నేను అక్కకి పంపింది ఇది. తెలుగులోనే రాశాను.

"గేటు దగ్గర మొదలు, 10:30. రోడ్డు ఎక్కుతూ పోతుంది, వాగు ఎడమ చేతికి.
మొదటి కూడలి, 11:00. ఎడమకి దారి ఉంటుంది, పోవద్దు. నేరుగా.
రెండో కూడలి, 11:35. ఇదే సగం గుర్తు. కుడికి తిరగాలి. 12 దాటితే తిరగొద్దు, వచ్చిన దారినే వెనక్కి.
గడ్డి మైదానం, 12:00. దాని అంచునే నడవండి, మధ్యలోంచి కాదు. అది జంతువుల మేత కోసం వేసింది.
దిగుడు. కరెంటు లైను దాటితే ఐదు నిమిషాల్లో గేటు. 12:50.
2:00కి మెసేజ్ రాకపోతే నేను మీ రూమ్మేట్‌కి ఫోన్ చేస్తాను. తను 911కి చేస్తుంది."

చివరి లైనే అన్నిటికంటే ముఖ్యం. ఎక్కడికి వెళ్తున్నారో, ఎప్పటికి రావాలో, రాకపోతే ఎవరు ఏం చేయాలో ఒక మనిషికి తెలిసి ఉండాలి. మొదటిసారి నా దగ్గర చుక్క ఉంది, ప్లాన్ లేదు. చుక్క ఆగిపోయాక ఎవరికి ఫోన్ చేయాలో కూడా తెలియక గంటన్నర ఫోన్ పట్టుకుని కూర్చున్నా.

ఇంకొన్ని చిన్న విషయాలు

మా తాతయ్య గేదెల చెవుల్లోంచి గోమార్లు పీకేవారు, గుర్తుందా మీ ఊళ్ళలో? కొన్ని చోట్ల పిడుదులంటారు. అక్కడ అడవుల్లో వాటి చుట్టాలే ఉంటాయి, నువ్వుగింజంత. వాటి వల్ల లైమ్ అనే జబ్బు వస్తుంది. అది ఎక్కువగా నమోదయ్యే రాష్ట్రాల్లో పెన్సిల్వేనియా ఒకటి. చలికాలంలో కూడా మంచు గడ్డకట్టని రోజుల్లో తిరుగుతాయి. పొడుగు ప్యాంటు వేసుకుని సాక్సుల్లోకి దోపండి. చూడ్డానికి బాగోదు, ఫర్వాలేదు. ఇంటికొచ్చాక మోకాళ్ళ వెనక, చంకల్లో, జుట్టులో వెతుక్కోండి.

దారిలో వేటగాళ్ళు కనిపిస్తే దాక్కోకండి. చెయ్యి ఊపి మామూలుగా మాట్లాడండి. మీరు ఎటు వెళ్తున్నారో చెబితే వాళ్ళు ఎటు వెళ్ళకూడదో మీకు చెప్తారు. చెట్టు మీద ఎవరైనా కూర్చుని ఉంటే చప్పుడు చేయకుండా త్వరగా దాటిపోండి. స్పీకర్లో పాటలు వద్దు. గేమ్ ల్యాండ్స్‌లో మందు తాగడం, టెంట్ వేసుకుని ఉండిపోవడం కుదరదు.

ఇవన్నీ విని భయమేస్తే మొదటిసారికి మిడిల్ క్రీక్ మంచిది. ఇది లాంకస్టర్, లెబనాన్ కౌంటీల సరిహద్దులో ఉంది. ఇదీ గేమ్ కమిషన్ నేలే. కాకపోతే ఇక్కడ విజిటర్ సెంటర్ ఉంది, పేర్లున్న ట్రైల్స్ ఉన్నాయి. విజిటర్ సెంటర్ దగ్గర మొదలై అక్కడికే వచ్చే కన్సర్వేషన్ ట్రైల్ ఒకటిన్నర మైలుకి కాస్త తక్కువ. ఫిబ్రవరి చివర, మార్చి మొదట్లో ఉత్తరానికి తిరిగిపోయే మంచు బాతులు ఆ చెరువు మీద వేలకి వేలు దిగుతాయి. కొన్నేళ్ళు లక్ష కూడా దాటుతాయి.

రెండో లూప్

ఆ మార్చిలో అక్క వాళ్ళు ముందు మిడిల్ క్రీక్ వెళ్ళారు. బాతులన్నీ ఒక్కసారి లేచినప్పుడు ఆకాశమే లేచినట్టుందని వాయిస్ మెసేజ్ పెట్టింది. తన మాట కంటే రెక్కల చప్పుడే ఎక్కువ వినిపించింది. వారం తర్వాత, నవంబరులో సగంలో వదిలేసిన ఆ పాత లూప్‌కే వెళ్ళారు. ఈసారి నేల ఎవరిదో తెలుసు, తేదీ చూసుకున్నారు, నలుగురికీ నారింజ టోపీలు. పెద్దాయన ఇచ్చిన రెండూ వాటిలో ఉన్నాయి. 12:55కి మెసేజ్ వచ్చింది, నా లెక్కకి ఐదు నిమిషాలు లేటు. నాకు ఆ సెమిస్టర్లో వచ్చిన మార్కులన్నిటికంటే ఆ ఐదు నిమిషాలే ఎక్కువ సంతోషం ఇచ్చాయి.

నలుగురూ గేటు దగ్గర నిలబడి తీసుకున్న ఫోటో అక్క ఫ్యామిలీ గ్రూపులో పెట్టింది. అమ్మ వెంటనే అడిగింది: "ఏంటే, నలుగురూ హనుమాన్ దీక్ష తీసుకున్నారా?" అప్పుడు మొత్తం కథ చెప్పాల్సొచ్చింది. తిట్లన్నీ నాకే.

ఇప్పుడు అక్క కారు డిక్కీలో రెండు నారింజ టోపీలు ఎక్స్‌ట్రా ఉంటాయి. ఎవరైనా కొత్తగా దిగిన కుర్రాళ్ళు గోధుమ రంగు జాకెట్లో ఎదురైతే ఇవ్వడానికట. మీలో ఎవరైనా వచ్చే ఆగస్టులో వెళ్తుంటే, సూట్‌కేసులో ఆవకాయ పక్కన ఒక నారింజ టోపీకి కూడా చోటుంచండి. అది చాలా తక్కువ బరువు.